అహాబు దుఃఖం వేరు, నాబోతు దుఃఖం వేరు

మనిషి దుఃఖానికి మూలం ఏమిటి? 'నేను' అనే అహం, 'నాది' అనే మమకారం, ఈ రెండే అన్ని బాధలకూ వేళ్లని మన దేశంలో వేల ఏళ్లుగా జ్ఞానులు చెబుతూ వచ్చారు. దుఃఖానికి కారణం తృష్ణ అని బుద్ధుడు బోధించాడు. ఆ బోధ మన కృష్ణా తీరాన అమరావతిలో, నాగార్జునకొండలో శతాబ్దాలపాటు వినిపించింది. అహంకార మమకారాలను విడిచినవాడే శాంతి పొందుతాడని భగవద్గీత చెబుతుంది. ఈ మాట మన నేలలో ఎంతగా ఇంకిపోయిందంటే, బడి ముఖం చూడని అవ్వ కూడా 'అంతా నాది నాది అనుకోబట్టే కదయ్యా ఈ ఏడుపు' అంటుంది. ఇందులో చాలా నిజం ఉంది. విశ్వాసులమైన మనం ఈ నిజాన్ని తేలిగ్గా తోసిపుచ్చకూడదు.

అయితే ఇదే మాట వాక్యపు రంగు పూసుకొని మన ఆదరణ కూడికల్లోకి కూడా వస్తుంది. 'బిడ్డను దేవుని కంటే ఎక్కువగా ప్రేమించావేమో తల్లీ, అందుకే ఆయన తీసుకున్నాడు' అని కడుపుకోతతో కూర్చున్న తల్లితో అనేవాళ్లున్నారు. 'నీలో అహం చావలేదు, అందుకే ఇన్ని శ్రమలు' అని ఉద్యోగం పోయినవాడికి చెప్పేవాళ్లున్నారు. చెప్పేవారి ఉద్దేశం మంచిదే కావచ్చు. కాని ఆ మాట గాయం మీద ఉప్పు రాసినట్టుంటుంది. కాబట్టి ఈ ప్రశ్నను పరిశుద్ధ గ్రంథం ముందు పెట్టి అడగాలి. అహం, మమకారమే మానవ దుఃఖానికి మూలమా? మన సమాధానం ఇదీ: చాలా దుఃఖానికి అవును, అంతటికీ కాదు. ఈ తేడా చిన్నది కాదు. ఆదరించే సంఘానికీ, నలిగినవాడిని ఇంకా నలిపే సంఘానికీ మధ్య ఉన్న తేడా ఇదే.

ఒకే తోట, ఇద్దరు మనుషులు

మొదటి రాజుల గ్రంథం 21వ అధ్యాయంలో ఒక ద్రాక్షతోట ఉంది. యెజ్రెయేలులో అహాబు రాజు నగరును ఆనుకొని నాబోతు అనేవాడి తోట అది. దాన్ని కూరతోట చేసుకుంటాను, ఇమ్మని అహాబు అడిగాడు. దానికి బదులు అంతకంటే మంచి తోట ఇస్తానన్నాడు, కాదంటే సొమ్మిస్తానన్నాడు. పైకి చూస్తే బేరం న్యాయంగానే ఉంది. కాని అది తన పితరుల స్వాస్థ్యమనీ, ఇవ్వననీ నాబోతు చెప్పాడు. అంతే! రాజుగారు మూతి ముడుచుకొని ఇంటికెళ్లి, మంచమెక్కి, ముఖం తిప్పుకొని పడుకున్నాడు. అన్నం మానేశాడు.

ఒక దేశాన్నేలే రాజు, దంతపు ఇల్లు కట్టించుకున్నవాడు, కూరగాయల మడి కోసం పస్తు పడుకున్నాడు! నూటికి నూరుపాళ్లు అహం, మమకారం కలిసి పుట్టించిన దుఃఖమిది. ఉన్నదేదీ అతని కంటికి ఆనలేదు, లేనిది మాత్రమే కనబడింది. తోట దక్కలేదన్న బాధ ఒకటైతే, 'రాజునైన నన్ను వీడు కాదంటాడా' అన్న బాధ మరొకటి. ఎస్తేరు గ్రంథంలో హామాను రోగం కూడా ఇదే. ఐశ్వర్యముంది, పదిమంది కుమారులున్నారు, రాజు దగ్గర అందరికంటే పెద్ద హోదా ఉంది. రాణి ఇచ్చిన విందుకు రాజుతోపాటు తనకొక్కడికే పిలుపు వచ్చింది. అయినా మొర్దెకై లేచి నిలబడనంత కాలం ఇవన్నీ తనకు దండుగేనని ఇంట్లో చెప్పుకొని కుమిలిపోయాడు (ఎస్తేరు 5:9-13). ఒక్కడు దండం పెట్టకపోతే సంతోషమంతా ఆవిరైపోయే గుండెకు ఎంత ఇచ్చినా ఏం లాభం?

ఈ అహాబులు, హామానులు మన చుట్టూ లేరా? మనలో లేరా? అన్నదమ్ముల మధ్య మూరెడు గట్టు కోసం రెండు తరాలు కోర్టు మెట్లు ఎక్కుతున్న కుటుంబాలు మన సంఘాల్లోనే ఉన్నాయి. ఆ పొలం విలువకంటే ప్లీడర్లకు పోసిందే ఎక్కువ. స్తుతి ఆరాధనలో ముందు వరుస కుర్చీ దొరకలేదని అలిగి, ఆరు నెలలు గుడికి రాని పెద్దమనుషులున్నారు. పక్కింటి పిల్లవాడికి మంచి ర్యాంకు వచ్చిందన్న వార్తతో తన బిడ్డ పాసైన సంతోషాన్ని చేజేతులా పోగొట్టుకునే తల్లిదండ్రులున్నారు. యోనా ప్రవక్తను చూడండి. తనకు నీడనిచ్చిన సొరచెట్టు వాడిపోతే చావే మేలనుకున్నాడు. లక్షా ఇరవై వేలకు మించిన జనమున్న నీనెవె బతికిందని మాత్రం అలిగాడు (యోనా 4). 'నా సుఖం, నా మాట' అన్నవి పెద్దవైనప్పుడు, ఎదుటివాడి మేలు కూడా మనకు దుఃఖమవుతుంది. ఇక్కడివరకు మన దేశపు జ్ఞానుల మాటకూ, బైబిలు మాటకూ పెద్ద పేచీ లేదు.

కాని ద్రాక్షతోట కథ ఇక్కడితో ఆగలేదు. యెజెబెలు రాజు పేరిట తాకీదులు రాసి ముద్ర వేసింది. ఊళ్లో ఉపవాసం చాటించింది. ఇద్దరు దొంగసాక్షులను నిలబెట్టింది. నాబోతు దేవుణ్ణీ రాజునూ దూషించాడని నేరం మోపించి, ఊరి వెలుపల రాళ్లతో కొట్టించి చంపించింది. భక్తి వేషంతో జరిగిన హత్య ఇది. అతని కుమారుల రక్తం కూడా చిందిందని రెండవ రాజుల గ్రంథం చెబుతుంది (9:26).

ఇప్పుడు చెప్పండి, నాబోతు దుఃఖానికి మూలమేమిటి? అతని అహమా? తోటమీద అతనికి మమకారం ఉన్న మాట నిజమే. 'వదిలేస్తే పోయేది కదా, ప్రాణమైనా దక్కేది కదా' అని ఎవరైనా అనవచ్చు. కాని భూమి దేవునిదనీ, దాన్ని శాశ్వతంగా అమ్మకూడదనీ (లేవీయకాండము 25:23), ఏ గోత్రపు స్వాస్థ్యం ఆ గోత్రంలోనే నిలవాలనీ (సంఖ్యాకాండము 36:7) ధర్మశాస్త్రం నేర్పింది. నాబోతు పట్టు పేరాశ కాదు, విధేయత. పితరుల నుంచి వచ్చిన దాన్ని రేపటి బిడ్డలకు అప్పగించవలసిన కాపలాదారుడిలా అతడు నిలబడ్డాడు. ఒకే తోట మీద ఇద్దరికీ మమకారమే. ఒకరిది లాక్కునే మమకారం, మరొకరిది కాపాడే మమకారం. అహాబు దుఃఖం అహాబు అహంలోంచే పుట్టింది. నాబోతు దుఃఖం కూడా అహాబు అహంలోంచే పుట్టింది!

మరి దేవుడు ఏలీయాను ఎవరి దగ్గరకు పంపాడు? నాబోతు ఇంటికి పంపి, 'ఆస్తిపాస్తులు అశాశ్వతం, మమత వదులుకోండి' అని చెప్పించలేదు. స్వాధీనం చేసుకున్న తోటలో నిలబడిన అహాబు దగ్గరకు పంపి, హత్య చేసి ఆస్తి కలుపుకున్నావా అని నిలదీయించాడు. అహాన్ని గురించిన బోధ ఎవరికి చెప్పాలో దేవునికి తెలుసు. అది సంఘానికీ తెలియాలి.

ధాత కరువు చెప్పే సాక్ష్యం

ఇది ఎప్పుడో ఇశ్రాయేలులో జరిగిన కథ మాత్రమే కాదు. 1876-78 మధ్య దక్షిణ భారతాన్ని మహా క్షామం ఊడ్చేసింది. మన పెద్దలు దాన్ని ధాత కరువు అన్నారు. నెల్లూరు, ఒంగోలు, కడప, కర్నూలు, బళ్లారి ప్రాంతాల్లో జనం ఆకులూ దుంపలూ తిని, ఆపైన రోడ్ల మీద రాలిపోయారు. మద్రాసు రాజధానిలో చనిపోయినవారు లక్షల్లో ఉన్నారు. వానలు లేకపోవడం ఒక కారణం. కాని అదొక్కటే కారణం కాదు. కరువు కాలంలో కూడా దేశం నుంచి ధాన్యం ఓడలకెక్కుతూనే ఉంది. జనం ఆకలితో చస్తున్న సమయంలోనే, 1877 జనవరి 1న, విక్టోరియా రాణిని చక్రవర్తినిగా చాటడానికి వైస్రాయ్ లిట్టన్ ఢిల్లీలో మహా వైభవంగా దర్బారు జరిపాడు. అదే ఏడు కరువు పనుల్లో రాళ్లు కొట్టే మగవాడికి రోజుకూలిని ఒక పౌను ధాన్యం, ఒక అణాకు కుదించారు. ఆకలి ఒకచోట, ఆడంబరం మరొకచోట!

అలా చనిపోయిన మాదిగ పల్లెల కూలీకి మమకారం పెంచుకోవడానికి ఏముంది? సెంటు నేల లేదు. అహం చూపడానికి ఎవరున్నారు? ఊరి బావి దగ్గరకు కూడా రానివ్వరు. అహం, మమకారమే సమస్త దుఃఖానికీ మూలమైతే, అవి అందరికంటే తక్కువగా ఉన్న ఆ నిరుపేదలే అందరికంటే సుఖంగా ఉండాలి కదా? కాని జరిగింది దానికి విరుద్ధం. ఒకరి అహానికి మరొకరు ఆకలితో వెల చెల్లించారు.

ఆ రోజుల్లో ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆ కూలీలకు వైరాగ్యం మీద ప్రసంగాలు చేస్తూ కూర్చోలేదు. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకొని, వేలమందికి కూలి దొరికేలా చేశాడు. అన్నం కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని, కరువు సాయం సాగుతున్నంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం ముగిశాక కూడా జనం సువార్త కోసం వచ్చారు. 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మ నీళ్లలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మన తెలుగు సంఘ చరిత్రలో అదొక మైలురాయి. ఆ సంఖ్యను మనం గర్వంగా చెప్పుకుంటాం. దాని వెనుక ఉన్న పలుగూ పారా పనిని కూడా గుర్తుంచుకోవాలి. ముందు గంజి, తర్వాత గ్రంథం. యాకోబు పత్రిక చెప్పింది కూడా ఇదే కదా! ఆకలిగొన్న సహోదరుడికి శరీరానికి కావలసినవి ఇవ్వకుండా సమాధానంగా వెళ్లమంటే ప్రయోజనమేమిటి (యాకోబు 2:15-16)?

బలవంతుడి నోట వైరాగ్యం

'అహాన్ని చంపుకో' అన్నది చాలా పవిత్రమైన మాట. అందుకే అది చాలా ప్రమాదకరమైన మాట కూడా. మనిషి తనకు తాను చెప్పుకున్నప్పుడు అది ఔషధం. బలవంతుడు బలహీనుడికి చెప్పినప్పుడు అది సంకెల. తాగివచ్చి కొట్టే భర్తను గురించి పెద్దల దగ్గరికొచ్చిన సోదరితో 'నువ్వే కొంచెం తగ్గించుకో అమ్మా, అహం పనికిరాదు' అని పంపించేస్తే, మనం ఏలీయా పక్షాన ఉన్నామా, యెజ్రెయేలు పెద్దల పక్షాన ఉన్నామా? ఆ పెద్దలు కూడా ఉపవాసం చాటించినవారే! కూలి ఎగ్గొట్టిన ఆసామిని వదిలేసి, కూలి అడిగినవాడికి ధనాపేక్ష సకల కీడులకు మూలమని వాక్యం చదివి వినిపిస్తే అది వాక్యాన్ని తలకిందులు చేయడమే. బిగబట్టిన కూలి తానే మొరపెడుతుందనీ, ఆ మొర సైన్యములకు అధిపతియగు ప్రభువు చెవికి చేరుతుందనీ యాకోబు హెచ్చరించాడు (5:4).

అహం చంపుకోవలసినవాడు సంఘంలో లేడా అంటే, ఉన్నాడు. యోహాను మూడవ పత్రికలో అతని పేరు కూడా ఉంది, దియొత్రెఫే. సంఘంలో అందరికంటే పైనుండాలని అతని కోరిక. అపొస్తలుడి మాట వినలేదు, సహోదరులను చేర్చుకోలేదు, చేర్చుకునేవారిని వెలివేశాడు. ఒక్కడి కుర్చీ కోసం సంఘమంతా కన్నీరు పెట్టింది. యోహాను ఆ కన్నీరు పెట్టినవారికి దీనమనస్సు బోధించలేదు, దియొత్రెఫే పేరు పెట్టి రాశాడు. కమిటీ ఎన్నికల్లో, కాంపౌండు స్థలాల తగాదాల్లో మనకు కనబడుతున్నది కొత్త రోగమేమీ కాదు.

ప్రేమించినందుకు వచ్చే కన్నీరు

అన్యాయం చేసినవారెవరూ లేని దుఃఖం కూడా ఒకటుంది. జబ్బు, ప్రమాదం, మరణం తెచ్చే ఎడబాటు అది. దాని సంగతేమిటి? అది మమకారపు ఫలం కాదా?

మూడున్నర శతాబ్దాల క్రైస్తవ్యం గడిచాక ఉత్తర ఆఫ్రికాలో పుట్టిన అగస్టీన్ (క్రీ.శ. 354-430) ఈ ప్రశ్నతో జీవితాంతం పెనుగులాడాడు. యౌవనంలో, ఇంకా క్రీస్తును ఎరగని రోజుల్లో, ప్రాణ స్నేహితుడొకడు జ్వరంతో చనిపోయాడు. సొంత ఊరు అగస్టీన్‌కు నరకమైంది. తట్టుకోలేక కార్తేజి పట్టణానికి పారిపోయాడు. చావబోయే మనిషిని ఎన్నడూ చావనివాడన్నట్టు ప్రేమించడమే తన పొరపాటని తర్వాత 'కన్ఫెషన్స్' అనే తన గ్రంథంలో రాసుకున్నాడు. మమకారం మీద అంత నిజాయితీగా రాసినవారు అరుదు.

కాని అదే గ్రంథంలో మరో మరణముంది. క్రీ.శ. 387లో ఆయన తల్లి మోనికా ఓస్తియా రేవులో, 56వ యేట కన్నుమూసింది. తన రక్షణకోసం ఏళ్ల తరబడి కన్నీటితో ప్రార్థించిన తల్లి ఆమె. అప్పటికి అగస్టీన్ విశ్వాసి. విశ్వాసి ఏడవకూడదనుకున్నాడు. బిగ్గరగా ఏడ్చిన తన కుమారుణ్ణి పక్కనున్నవారు ఊరుకోబెట్టారు. తాను సమాధి దగ్గర కూడా కళ్లు తడి కానివ్వలేదు. చివరికి ఒంటరిగా, దేవుని సన్నిధిలో, ఆ కట్ట తెగింది. తల్లి కోసం కొంతసేపు ఏడ్చాననీ, ఇది చదివినవారు తనను చూసి నవ్వవద్దనీ రాశాడు. మొదటి దుఃఖం దేవుడు లేని దుఃఖం, అది మనిషిని ఊరు విడిచి పారిపోయేలా చేసింది. రెండోది దేవుని ఒడిలో కార్చిన కన్నీరు, అది నెమ్మదినిచ్చింది. మారింది ప్రేమ పరిమాణం కాదు, ప్రేమ నిలబడిన చోటు.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ విలియం కేరీ ఇల్లు. 1812 మార్చి 11న సెరంపూరు ముద్రణాలయం తగలబడి, ఏళ్ల తరబడి చేసిన అనువాదాల రాతప్రతులు, అచ్చు అక్షరాలు బూడిదయ్యాయి. కేరీ ఆ తర్వాతి ఆదివారం 46వ కీర్తనలోని 10వ వచనం మీద, అంటే ఊరకుండి దేవుణ్ణి దేవుడుగా తెలుసుకోవడం గురించి ప్రసంగించి, మళ్లీ మొదటి నుంచి పని మొదలుపెట్టాడు. 1818లో అదే సెరంపూరు నుంచి తెలుగు కొత్త నిబంధన వెలువడింది. పనిని ప్రాణంగా ప్రేమించినవాడు కూడా దాన్ని దేవుని చేతిలో వదలగలడనడానికి ఇది గొప్ప సాక్ష్యం. ఈ సంగతి మన ప్రసంగాల్లో తరచు వినబడుతుంది.

కాని అదే ఇంట్లో ఇంకొకరున్నారు. కేరీ భార్య డొరొతీ. ఇష్టం లేకుండానే 1793లో ఓడెక్కి బెంగాలుకు వచ్చింది. మరుసటి ఏడాది ఐదేళ్ల కొడుకు పీటర్ రోగంతో చనిపోయాడు. ఆ తర్వాత ఆమె మనసు చెదిరిపోయింది. కోలుకోకుండానే 1807లో కన్నుమూసింది. ఆమెను గురించి మన ప్రసంగాల్లో ఒక్క మాటా ఉండదు. ఆమె దుఃఖానికి మూలం అహమా, మమకారమా? అలా తీర్పు తీర్చే ధైర్యం మనకెక్కడిది? అపరిచిత దేశంలో బిడ్డను పోగొట్టుకున్న తల్లి మనసు విరిగితే దాన్ని విశ్వాసలోపమని అనగలమా? కాలిపోయిన కాగితాలను మళ్లీ రాయవచ్చు. బిడ్డను తిరిగి రాసుకోలేం. అందరి దుఃఖాన్నీ ఒకే తక్కెడలో తూచడం న్యాయం కాదు.

గెత్సేమనే ముందు నిలబడితే

యోబు స్నేహితులు సరిగ్గా ఆ ఒకే తక్కెడతో వచ్చినవారు. మొదటి ఏడు రోజులూ వాళ్లు నేల మీద కూర్చొని ఏమీ మాట్లాడలేదు. వాళ్లు చేసిన పరిచర్యలో అతి శ్రేష్ఠమైనది అదే. నోరు తెరిచాకే పాడైంది. 'నీ బాధకు మూలం నీలోనే ఉంది' అన్నదే ముప్పై పైచిలుకు అధ్యాయాల వాదనలో వాళ్ల సారాంశం. చివరికి దేవుని కోపం రగిలింది యోబు మీద కాదు, వాళ్ల మీద (యోబు 42:7). పుట్టు గుడ్డివాణ్ణి చూసి, పాపం చేసింది వీడా, వీడి తల్లిదండ్రులా అని శిష్యులు అడిగితే, ప్రభువు ఆ రెండూ కాదన్నాడు (యోహాను 9:1-3). సిలోయములో గోపురం కూలి చచ్చిన పద్దెనిమిది మంది ఇతరులకంటే ఎక్కువ అపరాధులు కారన్నాడు (లూకా 13:4). పాపం లోకంలోకి వచ్చింది కాబట్టి మరణం వచ్చింది, సృష్టి యావత్తూ మూలుగుతోంది (రోమా 8:22). అది సత్యం. కాని ఏ ఒక్కరి మూలుగుకు ఏ పాపం కారణమో లెక్క తేల్చే పని దేవుడు మనకు అప్పగించలేదు.

వీటన్నింటికంటే పెద్ద జవాబు యేసుక్రీస్తు ప్రభువే. దుఃఖమంతా అహంనుంచే, మమకారంనుంచే పుడితే, ఆ రెండింటి దోషమూ లేని ఆయనకు దుఃఖమే ఉండకూడదు. కాని యెషయా ఆయనను వ్యసనాక్రాంతుడిగా చూశాడు (53:3). లాజరును కొద్ది నిమిషాల్లో లేపబోతున్నానని తెలిసి కూడా బేతనియలో ఆయన కన్నీళ్లు విడిచాడు. 'లేపబోతున్నాను కదా, ఎందుకేడుస్తారు' అని మరియను గద్దించలేదు. యెరూషలేమును చూసి ఏడ్చాడు. గెత్సేమనేలో మరణమగునంతగా దుఃఖపడ్డాడు. దేవుని స్వరూపంలో ఉండి కూడా తన్నుతాను రిక్తునిగా చేసుకొని, దాసుని స్వరూపం ధరించినవానిలో అహమెక్కడిది (ఫిలిప్పీ 2:6-8)? తల వాల్చుకోవడానికి చోటు లేనివాడికి ఆస్తి మమకారమెక్కడిది? ఆయన దుఃఖపడింది ప్రేమించినందుకు. సిలువ మనకు చెప్పేది ఇదే: అహం వల్ల వచ్చే దుఃఖముంది, ఇతరుల అహం వల్ల వచ్చే దుఃఖముంది, ప్రేమ వల్ల వచ్చే దుఃఖమూ ఉంది. మొదటిదానికి పశ్చాత్తాపం కావాలి. రెండోదానికి న్యాయం కావాలి. మూడోదానికి ఆదరణ కావాలి. ఒకదాని మందు మరొకదానికి వేస్తే రోగి చస్తాడు.

పిడికిలి తెరవడం

అలాగైతే మన అహం సంగతి, మన మమకారం సంగతి ఏమిటి? పక్కవాడి విషయంలో డాక్టరు వేషం మానేద్దాం, మన విషయంలో మాత్రం కత్తి తీసుకుందాం. ఆస్తి పంచిపెట్టమని చెప్పండని ఒకడు ప్రభువు దగ్గరకు వచ్చినప్పుడు, ఆయన వాటాలు వేయడానికి కూర్చోలేదు. లోభానికి ఎడమిచ్చి మెలకువగా ఉండమని హెచ్చరించాడు (లూకా 12:13-15). కాబట్టి దుఃఖం కలిగినప్పుడు ప్రతి ఒక్కరం మనల్ని మనమే అడుగుదాం. నేను ఏడుస్తున్నది ప్రేమించినవారికోసమా, నా మాట చెల్లనందుకా? నేను పట్టుకున్నది దేవుడు అప్పగించిందా, పక్కవాడిదా? ఇది నా చేతినుంచి పోతే నాకు దేవుడు మిగులుతాడా, లేక ఇదే నా దేవుడా?

క్రైస్తవ్యం హృదయాన్ని రాయి చేసుకోమనదు, రాతిగుండె తీసి మాంసపు గుండె ఇస్తానంటుంది (యెహెజ్కేలు 36:26). మాంసపు గుండెకు నొప్పి తెలుస్తుంది. ఏ స్థితిలో ఉన్నా సంతృప్తి నేర్చుకున్నానని రాసిన పౌలే (ఫిలిప్పీ 4:11), అదే పత్రికలో, ఎపఫ్రొదితు చనిపోయి ఉంటే తనకు దుఃఖం మీద దుఃఖం కలిగేదని ఒప్పుకున్నాడు (2:27). సంతృప్తీ కన్నీరూ ఒకే గుండెలో ఉండగలవు. మోరీయా కొండమీద అబ్రాహాము ఇస్సాకును ప్రేమించడం మానలేదు, పిడికిలి తెరిచాడు. తెరిచిన చేతిలోనే దేవుడు బిడ్డను మళ్లీ పెట్టాడు. 'నేను', 'నాది' అన్నవి చెరిగిపోవడం కాదు మన రక్షణ, అవి క్రీస్తు సొత్తు కావడం. ఇక జీవించేది తాను కాదు, తనలో క్రీస్తే అని పౌలు అన్నది అదే (గలతీ 2:20).

అహాబు గురించి చివరగా ఒక్క మాట. ఏలీయా మాట విని అతడు బట్టలు చింపుకొని, గోనె కట్టుకొని, ఉపవాసముండి మెల్లగా నడిచాడు. ఆ తగ్గింపును కూడా దేవుడు చూశాడు, అతని దినాల్లో కీడు రప్పించనన్నాడు (1 రాజులు 21:27-29). అంతటి దుర్మార్గుడికే కనికరం దొరికితే, గట్టు తగాదా ఈ వారమే వదులుకొని తమ్ముడి గుమ్మం తొక్కేవాడికి ఇంకెంత దొరుకుతుంది! ఇక దుఃఖంలో ఉన్న ఇంటికి వెళ్లినప్పుడు యోబు స్నేహితుల మొదటి ఏడు రోజులను గుర్తుంచుకుందాం. కారణాలు వెదకకుండా పక్కన కూర్చుందాం. ఏడ్చేవారితో ఏడవమన్నాడు ప్రభువు తన దాసుని ద్వారా (రోమా 12:15), ఎందుకేడుస్తున్నారో తేల్చమనలేదు. ప్రతి బాష్పబిందువునూ తుడిచే పని ఆయనది (ప్రకటన 21:4). అంతవరకు ఆ కన్నీటి పక్కన కూర్చునే పని మనది.